ఎంక్వైరీ పిన్ని

"పిన్నీ, గోనెసంచివాడు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడట. గ్రూపులో వచ్చింది. పాపను బయటికి పంపాలంటే భయమేస్తోంది," అంది పక్కింటి అమ్మాయి. పిన్ని కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, ఫోను చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చదివింది. ఏ కబురొచ్చినా పంపినవాళ్లకే ఫోన్ చేసి, "నీ కళ్లతో చూశావా?" అని అడగడం ఆవిడ అలవాటు. అందుకే అపార్ట్‌మెంటంతా ఆవిడను ఎంక్వైరీ పిన్ని అంటుంది. ఒకరు చెప్పిన పేరు పట్టుకుని మరొకరిని అడుగుతూ పోతే, చివరి ఆవిడ ఫోను స్పీకరులో నవ్వింది. "మీ పక్కింటి అమ్మాయే కదండీ, సంచితో మెట్ల దగ్గర ఎవరో ఉన్నారని పొద్దున పెట్టింది." అమ్మాయి ముఖం చిన్నబోయింది. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని కిందికి నడిచింది. అక్కడ నలుగురు చుట్టుముట్టి నిలదీస్తుంటే, కొత్తగా అద్దెకు దిగిన మనిషి సంచిలోంచి ఒక్కో గిన్నే తీసి చూపిస్తున్నాడు. "చాల్లే నాయనా, గరిటెలు కూడా చూపించాలా? పైకొచ్చి టీ తాగు," అంది పిన్ని. మెట్లెక్కుతూ అమ్మాయితో, "ఈసారి వేలికి పని చెప్పేముందు కాలికి చెప్పమ్మా," అంది. ఇప్పుడు ఫోనులో ఏ భయం వచ్చినా, అమ్మాయి ముందు చెప్పులేసుకుంటుంది.