మొహమాటానికి మీట నొక్కవద్దన్న మాస్టారు

మొన్న మంగళవారం రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన ఎత్తి, కాసేపు విని, "చూపు కొలిచే మాస్టారు పోయారట" అన్నారు. ఆత్రేయపురంలో మా వసారాలో కూర్చుని కుండ మీద పూతరేకు తీస్తున్నాను. చేతిలో తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఆ పూట మరి రేకులు తీయలేదు.

ఆయన డాక్టరు కాదు. రాజమండ్రి కంటి ఆసుపత్రిలో ఒక చీకటి గదిలో కూర్చుని, మాలాంటివాళ్లకు చూపు ఎంత మిగిలిందో కొలిచేవారు. మా అమ్మానాన్నలది మేనరికం. మేనమామకున్న జబ్బే నాకూ వచ్చింది. మొదట రేచీకటి, తర్వాత ఏడాదికేడాది చుట్టుపక్కల చూపు తరిగిపోవడం. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది, ఆ మనిషి అందిస్తున్న గ్లాసు కనిపించదు.

ఓ పెద్ద తెల్ల గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టించి, మధ్య చుక్కనే చూడమనేవారు. అవతల కూర్చుని చిన్న వెలుగును అంచు నుంచి లోపలికి జరుపుకుంటూ వచ్చేవారు. కనపడగానే చేతిలోని మీట నొక్కాలి. నొక్కినచోటల్లా కాగితం మీద గుర్తు పెట్టి, అన్నిటినీ కలుపుతూ రంగు పెన్సిల్‌తో గీత గీసేవారు. ఆ గీత లోపలున్నదే మా చూపు.

"రెప్ప వెయ్యండమ్మా, రెప్ప వేసినందుకు మార్కులు తగ్గించను" అనేవారు. మనవాళ్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. ఇంత ఓపిగ్గా అడుగుతున్న మనిషిని చిన్నబుచ్చడం ఎందుకని, కనపడకపోయినా నొక్కేస్తారు. "మొహమాటానికి ఇంకో ముద్ద తినండి గానీ, మీట నొక్కకండి" అని ముందే చెప్పేవారు.

నేను మాత్రం ఒక ఏడు ఆశకొద్దీ నొక్కాను. ఆ ఏడు హైదరాబాదులో డాక్టర్లు ఈ జబ్బుకు ఒక కొత్త మందు వేసి చూస్తామన్నారు. చూపు మరీ తగ్గిపోయినవాళ్లను తీసుకోరు. నాది తగ్గిందని నాకు తెలుసు. వెలుగు జరిపినప్పుడల్లా ఆయన కుర్చీ కిర్రుమనేది. ఆ చప్పుడును బట్టి మీట నొక్కుతూ పోయాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

"అమ్మా, వెలుగు ఆర్పేసి అయిదు నిమిషాలైందండి" అన్నారు మెల్లిగా.

సిగ్గుతో తల బయటికి తీయలేకపోయాను. "ఎలాగోలా రాసెయ్యండి మాస్టారూ. మీ చేతిలో పనే కదండీ" అన్నాను.

"రాయొచ్చమ్మా. మందేశాక మళ్లీ కొలుస్తారు కదా. ఇవాళ లేని చూపు ఉందని రాస్తే, అప్పుడు తగ్గినట్టు కనపడి, మంచి మందైనా పనిచెయ్యలేదనిపిస్తుంది. మీ వెనక వచ్చేవాళ్లకి దాన్ని ఆపేస్తారండి."

ఆ కాగితం చింపేశారు. నాకు మజ్జిగ తెప్పించి, కాసేపు కూర్చోబెట్టి, కొత్త కాగితం మీద మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ గీత అక్కడే పడింది, కావలసినదానికి గోరంత తక్కువగా. ఆయన దాన్ని జరపలేదు. నన్ను తీసుకోలేదు.

ఏడాది పొడుగునా ఆయన్ని ఆడిపోసుకున్నాను. గోరంత జరిపితే ఆయన సొమ్మేం పోయిందని మా ఆయన దగ్గర సాధించాను. ఆ మరుసటేడు ఆయనే కార్డు ముక్క రాశారు, కొలుద్దాం రమ్మని.

వెళ్లి, "మందు లేనిదానికి కొలత ఎందుకండీ" అన్నాను పుల్లవిరుపుగా.

"మందు వేసుకోనివాళ్లకి చూపు ఎంతెంత తరుగుతుందో తెలియాలి కదమ్మా. లేకపోతే వేసుకున్నవాళ్లకి ఆగిందని ఎలా చెప్తాం? మీ కాగితాలూ ఆ హైదరాబాదుకే వెళ్తాయండి" అన్నారు.

నన్ను పక్కన పెట్టేశారనుకున్నదాన్ని. ఆ మాటతో ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ఆ తర్వాత ఒక్క ఏడు కూడా మానలేదు. ఆయన మీద కోపం ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు.

పోయినేడు కొలిచిందే ఆఖరిసారి. అప్పటికే ఆయన గొంతు నీరసించింది. మధ్య చుక్కనే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కనపడలేదు. మీట మీద వేలు కదపలేదు. ఆయనా తొందరపెట్టలేదు. ఆ తెల్ల గిన్నె అంచున, నాకింకా కనపడనిచోట, ఆయన చేయి ఆ చిన్న వెలుగును నా వైపు మెల్లగా, చాలా మెల్లగా జరుపుతూనే ఉంది.