నీచు మానేసిన వంటింట్లో ఎండుచేపల వాసన

ఇది కల్పన కాదు. నాకు జరిగింది. బడిలో ఇన్నేళ్లు తెలుగు చెప్పి, అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించినదాన్ని. ఈ వయసులో నేనే అబద్ధం రాస్తానా? ఆ రాత్రి తెల్లవారకముందే డైరీ తీసి అంతా రాసిపెట్టాను. అక్షరాలు వంకర పోయాయి... అయినా రాశాను.

ముందుగా, ఈ వ్యవహారంలో మా అప్ప పైడమ్మ వల్ల నాకు జరిగిన అన్యాయాలను తిథులతో సహా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

శ్రావణ శుద్ధ పంచమి. నౌపడలో తన పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. సొంత చెల్లెలినైన నాకు కబురు చేయలేదు. ఊళ్లోవాళ్ల ద్వారా తెలిసింది.

శ్రావణ శుద్ధ ద్వాదశి. కూతురు రవణ వచ్చి విశాఖపట్నంలోని తన ఫ్లాటుకు తీసుకుపోయింది. ఆ ఫ్లాట్లలో పిల్లుల్ని ఉండనివ్వరట. కనుక పిల్లి గరివిడిలో నా దగ్గర ఉండాలని తీర్మానం జరిగింది. ఆ తీర్మానంలో నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

శ్రావణ పూర్ణిమ. అల్లుడి చేత పిల్లిని మూత ఉన్న బుట్టలో పెట్టించి, పాసింజరు బండిలో పంపించింది. బుట్టలో తన పాత చీర ఒకటి వేయించింది. ఆ చీర నిండా ఎండుచేపల కంపు. నేను నీచు మానేసి ఏళ్లయిందని ఆమెకు తెలుసు.

మరునాడు. ఆ చీరను సబ్బుపెట్టి ఉతికి, ఎండలో ఆరేశాను. ఆ వాసన ఉంటేనే పిల్లి కుదురుకుంటుందని, ఉతకకూడదని ఆమె నాకు ముందుగా చెప్పలేదు. ఇది అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

శ్రావణ బహుళ షష్ఠి. ఫోనులో బెదిరింపు. వివరాలు దిగువన ఉన్నాయి.

శ్రావణ బహుళ ఏకాదశి. ఆ రాత్రి. దీన్ని అన్యాయం అనాలో, మరేమనాలో తెలియక ఎదురుగా ఖాళీ వదిలాను.

పిల్లి పేరు బూడి. పొయ్యిలోని బూడిదలో పడుకుని, అదే రంగులో ఉంటుంది గనుక ఆ పేరు. పిల్లకూన కాదు, ఈడు మీరిన పిల్లి. అప్ప తప్ప మరో మనిషి చేయి ఎరగదు. బుట్ట మూత తీయగానే నా వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక దూరింది. ఇక బయటకు రాలేదు. నేను వంగి టార్చి వేస్తే రెండు కళ్లు మెరిసేవి. చేయి చాపితే బుస్సుమనేది. పెరుగన్నం పెట్టాను. పాలన్నం పెట్టాను. నెయ్యి కూడా వేశాను. అన్నం ముట్టలేదు. రాత్రిళ్లు నేను పడుకున్నాక పాలు మాత్రం కాస్త నాకేది. రోజురోజుకూ దాని వెన్నెముక పైకి తేలుతోంది.

పక్కింటి నర్సమ్మ ఒక సాయంత్రం వచ్చి, డ్రమ్ము వెనక్కి తొంగిచూసి నవ్వింది.

"ఏటండి పంతులమ్మగోరు, పిల్లికి పెరుగన్నమేటి? దాని సేత కూడా ఉపవాసాలు సేయిస్తన్నారేటి?"

"నా ఇంట్లో నీచు వండను నర్సమ్మా."

"మీరు వండకండి. అది వండమంతందేటి? రొండు కవ్వళ్లు యేపి ఎట్టండి. తింతాది."

మర్నాడు కవ్వళ్ల పొట్లం, అంటే చిన్న ఎండుచేపలు, తెచ్చి ఇచ్చింది. దాన్ని గడప దాటనివ్వలేదు. పెరట్లో గోడకున్న మేకుకు తగిలించాను. వాన తడపకుండా పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, నా చేత్తో ముడి వేశాను.

షష్ఠినాడు అప్ప ఫోను చేసింది.

"తిందేటే అది?"

"పాలు తాగుతోంది."

"పాలు సంగతి నానడగనేదు. తిందేటి?"

నేను డ్రమ్ము వైపు చూశాను. అన్నం గిన్నె పెట్టినది పెట్టినట్టే ఉంది.

"ఒసే వరం, ఇను. అది తినకపోతే నాను నౌపడ ఎల్లిపోతాను. దాన్ని అక్కడికి పట్టుకొచ్చీ."

"తుంటి విరిగిన మనిషివి. ఒక్కదానివి ఎలా ఉంటావు?"

"నడవనేకపోతే డేకుతాను. నన్ను నమ్ముకున్న పేణమది."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. డాక్టరు మంచం దిగవద్దన్నాడు. మళ్లీ పడితే ఇక లేవదన్నాడు. అంటే ఇక్కడ ఈ పిల్లి ఒక ముద్ద తింటేనే అక్కడ మా అప్ప మంచం మీద ఉంటుంది. తినకపోతే... డైరీలో ఆ వాక్యం నేను పూర్తి చేయలేదు.

ఇప్పుడు ఆ రాత్రి.

ఏకాదశి. నేను పొయ్యి వెలిగించలేదు. అరటిపండు ఒకటి తిన్నాను. పిల్లి గిన్నె కడిగి బోర్లించబోయి, ఎందుకో మనసు రాక, ఖాళీగా వెల్లకిలానే వదిలేశాను. సాయంత్రం నుంచీ వాన. వంటింటి పెంకు ఒకటి జారి, సన్నికల్లు పక్కన ఉప్పు జాడీ ఉన్న మూల నీరు కారుతోంది. అందుకని జాడీని అక్కడినుంచి ఈడ్చి, గుమ్మానికి లోపలి పక్కన పెట్టాను. బరువైన జాడీ. మా అమ్మది. దాన్ని కదిపిన సంగతి నాకు తప్ప మరెవరికీ తెలియదు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి.

వీధి తలుపు గడియ, పెరటి తలుపు గడియ రెండూ వేశాను. వేసి, మళ్లీ చూసుకున్నాను. ఇది నా అలవాటు.

ఏ వేళకో మెలకువ వచ్చింది. కరెంటు లేదు. ఫ్యాను ఆగి ఉంది. వాన వెలిసి, చూరు నీళ్లు... టప్... టప్... అంతే. ఆ తర్వాత వినిపించింది.

సర్... సర్... సర్...

ఎలుక అనుకున్నాను. ఎలుక అలా చేయదు. ఆగి ఆగి వస్తోంది. ఒక వరస... మళ్లీ ఒక వరస... మధ్యలో నీళ్లు చల్లినట్టు చిన్న చప్పుడు.

సర్... సర్...

ఆ చప్పుడు నాకు తెలుసు. నా ఒళ్లు జల్లుమన్నది దెయ్యమని కాదు... తెలుసు గనుక.

మా నాన్న నౌపడ ఉప్పు మడుల్లో మేస్త్రీ. అమ్మ కూడా చీకటితోనే మడుల్లోకి పోయేది. ఇంట్లో అప్పే నాకు అమ్మ. వెన్నెల రాత్రుల్లో ఉప్పు గుట్టలు వరసగా తెల్లగా వెలిగేవి. గాలి నాలుకకు ఉప్పగా తగిలేది. నేను బిడియస్తురాలిని. ఇంటికి కొత్తవాళ్లు వస్తే వడ్ల గాదె వెనక దూరేదాన్ని. రాత్రి దాకా వచ్చేదాన్ని కాదు. అమ్మ లాగేది, నాన్న అరిచేవాడు. అప్ప మాత్రం నా వైపు చూసేది కాదు. గాదెకు వీపు పెట్టి కూర్చుని, సన్నికల్లు మీద ఎండుచేపల్ని పొలుసు పోయేలా రుద్దేది. సర్... సర్... నీళ్లు చల్లి మళ్లీ రుద్దేది. పక్కన ఒక పీట వాల్చేది. చేపలు వేగిన వాసన నా ముక్కుకు తగిలే దాకా ఆగి, తల తిప్పకుండానే పిలిచేది.

దా... దా... దా...

పిల్లల్నీ, కోళ్లనీ, పిల్లుల్నీ ఆమె ఒకే పిలుపుతో పిలిచేది. నేను పాక్కుంటూ వచ్చి పీట మీద కూర్చునేదాన్ని. "వచ్చినావా" అని కూడా అనేది కాదు. కంచంలో పెట్టేది.

ఆ చప్పుడే... గరివిడిలో... తలుపులు మూసిన నా ఇంట్లో.

లేచాను. టార్చి దిండు కిందే ఉంది. ఎందుకో వెలిగించలేదు. గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. వాసన వచ్చింది. ఎండుచేపలు... ఇనుప మూకుడు మీద, నూనె లేకుండా, వేగుతున్న వాసన. నేను నీచు మానేసిన తర్వాత ఆ వంటింట్లో ఆ వాసన పుట్టలేదు. అదీ ఏకాదశినాడు! ఆ భయంలోనూ నాకు కోపం వచ్చిందని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను.

లోపల చీకటి. పెంకు జారిన సందులోంచి కాస్త వెలుగు సన్నికల్లు మీద పడుతోంది.

అక్కడ... పిల్లి.

డ్రమ్ము వెనక కాదు. వంటింటి నడిమధ్య. తోక నిటారుగా ఎత్తి నిలబడింది. చప్పుడు ఆగింది. పిల్లి తల పైకెత్తి చూస్తోంది. గోడ వైపు కాదు, కప్పు వైపు కాదు... ఒక మనిషి కింద కూర్చుంటే ముఖం ఎంత ఎత్తులో ఉంటుందో... అక్కడికి.

తర్వాత నెమ్మదిగా ముందుకు వెళ్లింది. ఒళ్లు వంచి రాసుకుంది. మోకాలికి రాసుకున్నట్టు. అక్కడ మోకాలు లేదు. ఏమీ లేదు. కానీ దాని బొచ్చు ఒక పక్కకు అణిగింది... నేను చూశాను.

గిన్నె వైపు తిరిగింది. నేను ఖాళీగా వదిలిన గిన్నె. వంగింది. కరకర... కరకర... నమిలిన చప్పుడు.

అప్పుడు వినిపించింది.

దా... దా... దా...

గొంతు విన్నావా అని మీరు అడుగుతారు. విన్నాననే రాశాను. పక్కనే ఎర్ర సిరాతో 'సందేహం' అని కూడా రాశాను. నా కాలు లోపలికి పడలేదు. వెనక్కీ పడలేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పిల్లి తిని, మూతి తుడుచుకుని, వచ్చి నా పాదం మీద నుంచి నడిచి... ముందు గదిలోకి వెళ్లిపోయింది. వెళ్తూ తోకతో నా కాలు తాకింది. అది నన్ను తాకడం అదే మొదలు.

తెల్లవారాక చూసినవి. గిన్నె నాకినట్టు తళతళలాడుతోంది. సన్నికల్లు తడిగా ఉంది. పెంకు సందులోంచి నీరు కారి ఉండవచ్చు. పెరటి తలుపు గడియ వేసినట్టే ఉంది. మేకుకు తగిలించిన పొట్లం ముడి నేను వేసినట్టే ఉంది. లోపల ఎన్ని చేపలున్నాయో ముందే లెక్క రాసుకోలేదు. ఆ ఒక్క నమోదూ లేనందుకు ఈనాటికీ బాధపడుతున్నాను. ఇకపోతే, గోడకు ఆనించి ఉంచే నా పీట... సన్నికల్లు పక్కన వాల్చి ఉంది. పిల్లి తగిలి పడిందంటారా? పడితే బోర్లా పడాలి, లేదా వాలుగా పడాలి. ఇది వేసినట్టు ఉంది.

కాఫీ కాచుకోబోతుంటే ఫోను. అప్ప.

"ఒసే వరం, ఉప్పు జాడీ గుమ్మానికి అడ్డం ఎట్టినావేటే? నా మోకాలు సితికిపోనాది!"

చెంచా పక్కన పెట్టి, గుమ్మం దగ్గరి జాడీ వైపు చూశాను.

"ఎప్పుడు?"

"రాత్రే. కలొచ్చింది. కలలో నాను బాగానే నడుస్తన్నాను, తుంటి లేదు ఏటీ లేదు. కవ్వళ్లు యేపి దానికి ఎట్టినాను. తింది. నీ వంటిల్లు మరీ అంత సీకటేటే?"

"అప్పా, జాడీ సంగతి నీకు ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్తారు? కాలికి తగిలితే తెలీదేటి?" అని నవ్వింది. "సరే గాని, నువ్వేటి తిన్నావు?"

నేను గట్టిగా అడిగాను. కలంతా మొదటినుంచీ చెప్పమన్నాను. ఆమె ఇంకా నవ్వింది.

"ఓలి పంతులమ్మా! కలకి కూడా సంజాయిషీ రాయమంతావేటి?"

ఫోను రవణ తీసుకుంది. "పిన్నీ, అమ్మ మోకాలు నిజంగానే కమిలింది. రాత్రి మంచం కమ్మీ తగిలుంటాది. నువ్వేటీ కంగారు పడకు" అంది. కమ్మీ అయి ఉండవచ్చు. నేను కాదనడం లేదు.

ఆనాటినుంచి బూడి దాక్కోవడం మానింది. పెరట్లో ఇటుకలు పేర్చి, ముక్కుకు కొంగు చుట్టుకుని, నర్సమ్మ కవ్వళ్లు నేనే వేపుతున్నాను. దాని వైపు చూడకుండా, వీపు పెట్టి కూర్చుని పెడితే వచ్చి తింటోంది. ఉతికిన చీరను మాత్రం మళ్లీ మళ్లీ వాసన చూసి, నా వైపు చూస్తుంది. అప్ప మంచం మీదే ఉంది. నౌపడ మాట ఎత్తడం లేదు.

అయినా నాకు నిద్ర పట్టడం లేదు. కారణం ఒక్కటే. డైరీ తీసి, ఆ రాత్రి జరిగిన వరస మళ్లీ చదివాను. ఆ పిలుపు వినిపించేసరికి పిల్లి అప్పటికే గిన్నెలో మూతి పెట్టి తింటోంది. తింటున్నదాన్ని ఎవరూ పిలవరు. ఆ ఇంట్లో ఆ రాత్రి తిననిది ఇంకొకరు. గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాలేకపోయినది.

కనుక, శ్రీమతి పైడమ్మ గారికి, చెల్లెలు వరలక్ష్మి తెలియజేయునది ఏమనగా:

శ్రావణ బహుళ ఏకాదశి రాత్రి మీరు ఎక్కడ ఉన్నారు? పీట వాల్చినది మీరేనా? మూడుసార్లు 'దా' అని పిలిచినది పిల్లినా, నన్నా? ఫోనులో నవ్వుతూ చెప్పే జవాబులు చెల్లవు. మీ స్వహస్తంతో, సంతకంతో, లిఖితపూర్వకమైన సమాధానం తపాలా ద్వారా పంపవలసిందిగా కోరుతున్నాను. అది అందేవరకు ఆ పీటను అక్కడినుంచి తీయబోనని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.