అమ్మ ఫోన్లోంచి అన్నను తీసేసిన రోజులు

సౌకార్‌పేటలో మా అన్నను కొట్టిన మధ్యాహ్నం నేను షోళింగనల్లూరులో ఆఫీసులో ఉన్నాను. అన్నది లోడు ఆటో. హోల్‌సేల్ షాపుల్లో గిన్నెల మూటలు, ప్లాస్టిక్ సామాను ఎక్కించుకుని ఊరంతా దించి వస్తాడు. ఆ రోజు బజారు సందులో ఒక చిన్నపిల్ల ఒంటరిగా నిలబడి ఏడుస్తుంటే ఎత్తుకుని, వాళ్ళమ్మ ఎక్కడుందో అడుగుతూ షాపు షాపూ తిరిగాడు. పిల్లలను ఎత్తుకెళ్ళే ముఠా ఊళ్ళోకి వచ్చిందని ఆ వారమంతా ఫోన్లలో పుకారు. ఎవరో అరిచారు. ఎవరో పిల్లను లాక్కున్నారు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. ఆ తర్వాత జరిగిందేదీ అన్నకు గుర్తు లేదు.

దవడ విరిగింది. పక్కటెముకలు విరిగాయి. ముఖం ఉబ్బిపోయి కళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. పోలీసులు ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే శవాన్నే ఇచ్చేవాళ్ళని ఆస్పత్రిలో డాక్టరు వదినతో అన్నాడట.

అమ్మకు గుండె జబ్బు. బండి తిరగబడిందని చెప్పాం. తొండియార్‌పేటలో మా వీధి వాళ్ళందరికీ నిజం తెలుసు, అయినా ఆమె ముందు ఎవరూ నోరు విప్పలేదు. ఇక భయమంతా ఫోనుతోనే. అమ్మకు చదువు రాదు. పొద్దున్నే ప్రార్థన పాటలు పెట్టుకుంటుంది, అవి అయ్యాక బొటనవేలితో పైకి తోసుకుంటూ ఏది వస్తే అది చూస్తుంది. అన్నను కొట్టిన వీడియో అప్పటికే ఊరంతా తిరుగుతోంది. అది అమ్మ కంట పడకుండా చూసే పని వదిన నాకు అప్పజెప్పింది.

తీరా మొదలుపెట్టాక తెలిసింది, అది ఒక వీడియో కాదు. చుట్టూ నిలబడి తీసినవాళ్ళు ఎందరో అన్ని వీడియోలు. ఇలాంటివి వద్దు అని నొక్కాలంటే ముందు అది కనబడాలి, నొక్కేలోపు దెబ్బలు పడుతూనే ఉంటాయి. ఒకదాంట్లో అన్న కింద పడుతుంటాడు. ఇంకోదాంట్లో కాలర్ పట్టుకుని ఈడుస్తుంటారు. మరోదాంట్లో కాళ్ళే, బూట్లూ చెప్పులూ, వాటి మధ్య అన్న తల. ఒకడు దానికి ఫైటు మ్యూజిక్ కలిపాడు. ఇంకొకడు నోట్లోంచి పళ్ళు రాలి పడటం బాగా కనబడాలని వేగం తగ్గించాడు. పిల్లల దొంగ అనే మాట రాకుండా తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఆపాను. వాళ్ళు అక్షరాల మధ్య చుక్కలు పెట్టుకున్నారు. బ్లాక్ చేసిన పేజీల స్థానంలో కొత్త పేజీలు పుట్టుకొచ్చాయి. ఆఫీసు క్యాబులో కూర్చుని నా ఫోన్లో కూడా వెతికి వెతికి రిపోర్టు చేసేదాన్ని. ఇది మా నియమాలకు విరుద్ధం కాదని జవాబొచ్చేది. కింద కామెంట్లలో, ప్రాణం ఎందుకు మిగిల్చారని ఒకరు, పెట్రోలు దొరకలేదా అని ఒకరు. ఒక రోజు క్యాబులో నోరంతా ఉప్పగా అనిపించి చూసుకుంటే, చెంప లోపలివైపు రక్తం కారేలా కొరుక్కున్నాను.

అన్న వీడియోలు తగ్గే సరికి ఇంకెవరివో రావడం మొదలైంది. కరెంటు స్తంభానికి కట్టేసి బెల్టుతో కొడుతున్న మనిషి. జుట్టు కత్తిరించి వీధిలో పరిగెత్తిస్తున్న ఆడమనిషి. నేను ప్రతిదాని దగ్గరా ఆగుతున్నానని, అవంటే నాకు ఇష్టమని అనుకుందేమో ఆ యాప్. చివరికి వేరే దారి పట్టాను. వంటలు, ముగ్గులు, కుక్కపిల్లలు వెతికి, అమ్మ ఫోన్లో వాటిని చివరిదాకా నడిపించి లైకులు కొట్టాను. కొన్నాళ్ళకు దెబ్బలు కనబడటం మానేశాయి. ఈమధ్య తన ఫోన్లో అన్నీ కూరలే వస్తున్నాయని అమ్మ విసుక్కుంది.

అన్న ఇంటికొచ్చాడు. దవడకు తీగలు కట్టారు, పళ్ళ సందునుంచే మాట్లాడేవాడు. ఒక ఆదివారం అమ్మ, వదిన చర్చికి వెళ్ళినప్పుడు నన్ను పిలిచి ఆ వీడియో చూపించమన్నాడు. వద్దన్నాను.

"కొట్టించుకునింది నేను పాపా. ఊరంతా చూసింది. నేను చూడకూడదా?"

పక్కింటాయన దాచి పెట్టుకున్నాడని తెలుసు, ఆయన దగ్గర తీసుకున్నాను. అన్న మంచం మీద కూర్చుని రెప్ప వేయకుండా చూశాడు. మధ్యలో ఒకచోట వేలు పెట్టి ఆపాడు. నీలం లుంగీ మనిషి షట్టరు లాగే ఇనప కడ్డీని రెండు చేతులతో ఎత్తి అన్న పక్కటెముకల మీద దించుతున్నాడు. అన్న సరుకు ఎక్కించే షాపులోనే మూటలు మోసేవాడు. నెల్లూరు వైపు మనిషి.

"ఈడు రోజూ నా పక్కన కూర్చోని అన్నం తింటాడు" అన్నాడు అన్న.

మర్నాడు సౌకార్‌పేటకు బయలుదేరాడు. ఎంత చెప్పినా ఆగలేదు. నేను ఆఫీసు మానేసి వెంట వెళ్ళాను. అతను షాపు ముందు మూట దించుతున్నాడు. అన్నను చూసి అక్కడే నిలబడిపోయాడు. తన ముఖం కనబడలేదా అని అన్న మెల్లగా అడిగాడు.

అతను తల దించుకున్నాడు. "కనబడిందన్నా. నువ్వేనని తెలిసే కొట్టినా. నీతో తిరిగేవాణ్ణని ఆడ అందరికీ తెలుసు. కొట్టకపోతే నన్నూ చంపేస్తారనుకున్నా."

నా చేతిలోకి చెప్పు ఎప్పుడొచ్చిందో తెలియదు. ముఖం మీద, చెవి మీద, నోటి మీద కొట్టాను. ముక్కులోంచి రక్తం కారి అతని చొక్కా మీద పడింది, నా చేతి మీద పడింది. అతను చెయ్యి ఎత్తలేదు, అందుకు ఇంకా కొట్టాను. అన్న చేతులు ఎత్తలేడు కనుక ఒంటితోనే మా ఇద్దరి మధ్యకు వచ్చి నన్ను గోడకు నెట్టాడు. నొప్పికి అన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చుట్టూ చూశాను. సందు నిండా ఫోన్లు, అన్నీ నా వైపే.

సాయంత్రానికి అది అమ్మ ఫోన్లోకి వచ్చేసింది. నేను ఆపిన మాటలేవీ దాంట్లో లేవు. సౌకార్‌పేట ఆడపులి అని రాశారట. అమ్మ ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎవర్నిమే అట్ట కొడతా ఉండావు? ఆ నెత్తురు ఎవరిది?"

ఇక దాచలేకపోయాం. అన్న పళ్ళ సందునుంచి కొంత, నేను కొంత చెప్పాం. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని వింది. ఏడుస్తుందనుకున్నాను. ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి చేరిందా అని అడిగింది. మా ఇద్దరికీ తెలియదు. అన్ని వీడియోలు చూసినా పిల్ల ఏమైందో దేంట్లోనూ లేదు. ఇన్నాళ్ళలో ఆ మాట అడగాలని నాకు తోచనే లేదు.

అన్న స్టేషనుకు వెళ్ళి నీలం లుంగీ మనిషి పేరు చెప్పాడు. పాత స్నేహితుడు కదా అని పోలీసులే వెనకాడితే, రాసుకోమని గట్టిగా అన్నాడట. పిల్ల గురించీ అడిగాడు. తల్లి అక్కడికి నాలుగో షాపులోనే గాజులు బేరం చేస్తోందట, గొడవంతా అయ్యాక వచ్చి తీసుకెళ్ళిందట.

నీలం లుంగీ మనిషిని అరెస్టు చేశారు, బెయిలు వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. అన్న ఇప్పుడు మణలి వైపు లోడు తోలుతున్నాడు. ఎడమ దవడతో నమలలేడు. అమ్మ ఫోను నేను మళ్ళీ ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వదు కూడా. ఎవర్నైనా కొట్టే వీడియో వస్తే మాత్రం ఫోను బోర్లా పెట్టి, కాసేపు మంచం మీద ఊరికే కూర్చుంటుంది.