గడ్డలో పుట్టే మందు, మా ఎల్లయ్య సారు

ఆచార్య ఎల్లయ్యగారు ఇక లేరన్న దుర్వార్త మొన్న ఉదయం కొల్లాపూర్ నుంచి ఫోనులో వచ్చింది. గుండెపోటు. ముందురోజు సాయంత్రమే నాతో తనివితీరా వాదించి, "మిగిలింది రేపు కొట్లాడుదాం" అని ఫోను పెట్టేసిన మనిషి. నమ్మడానికి మనసొప్పలేదు. ఆయన దగ్గర పరిశోధన నేర్చుకున్న మేమంతా ఒక్కసారిగా దిక్కులేనివాళ్లమయ్యాం.

వారి జీవితకాల జిజ్ఞాస అంతా ఒక వైచిత్రి చుట్టూ తిరిగింది. క్యాన్సర్ కణితి పెరగాలంటే రక్తనాళాలు కావాలి. అయినా అదే కణితి కణాలు మన రక్తంలోని ప్లాస్మినోజెన్ అనే ప్రోటీనును ముక్కలు చేస్తాయి. అలా పుట్టే యాంజియోస్టాటిన్ అనే ముక్క కొత్త రక్తనాళాలను, ముఖ్యంగా ఒంట్లో దూరంగా లేచే పిల్ల కణితుల దగ్గర, మొలవనివ్వదు. తన తిండికి తానే అడ్డుపడే ఈ ధర్మాన్ని ఆయన తపస్సులా పరిశీలించారు.

పనిలో చండశాసనుడు. కణాలను పెంచడానికి వాడే సీరంలోనూ, అంటే పశురక్తం నుంచి తీసిన ద్రవంలోనూ, ఆ ప్రోటీను ఉంటుంది కనుక, దాన్ని పూర్తిగా కడిగేశాకే ప్రయోగం మొదలుపెట్టాలి. ఒకసారి ఫలితం అద్భుతంగా వచ్చిందని మిఠాయి తెప్పించాం. సారు తృప్తిగా తిని, "మంచిగుంది. ఇగ కడుగుడు మళ్ల షురూ చెయ్యిన్రి. గీ ముక్క మన కణాలు కోసిందా, సీరంల నుంచి వచ్చిందా, జర తేల్చాలె" అన్నారు. రెండోసారి ఫలితం బాగా తగ్గింది. ఆయన ఆ తగ్గినదాన్నే ప్రకటించారు.

తిరుమలగిరిలో ఒక సభలో ఈ విశేషాన్ని ఆయన జనం మాటల్లో రసవత్తరంగా చెప్పారు. చప్పట్లు మోగాయి. తీరా ఆ ఉపన్యాసమే కొంప ముంచింది. రొమ్ములో గడ్డతో ఆపరేషనుకు సిద్ధమైన సైదమ్మ అనే పత్తిరైతు, "గడ్డలనే మందు పుడుతదట, కోసుడెందుకు" అని దవాఖానకు పోవడం మానుకుంది. ఆమె కూతురు వచ్చి చెప్పగానే సారు ముఖం పాలిపోయింది. "తప్పు నాది. సగమే చెప్పిన" అంటూ అప్పటికప్పుడు బయలుదేరారు. నేనూ వెంట వెళ్లాను.

సైదమ్మ ఎదురుగా వాకిట్లో కూర్చున్నారు. "అమ్మా, పెద్ద గడ్డ వేరే తావుల చిన్న గడ్డల్ని లేవనియ్యదని చెప్పిన. నిన్ను బతుకనిస్తదని చెప్పలే. ఇంట్ల తిష్ఠ వేసిన దొంగ ఇంకో దొంగను రానియ్యడు. అట్లని వానికి బువ్వ పెట్టి సాకుతమా?"

"మరి వీణ్ని ఎల్లగొడితే కొత్తోళ్లు రారా సారూ?" అందామె.

నేను గతుక్కుమన్నాను. ఆమెను ఒప్పించడానికి ఒక చిన్న అబద్ధం చాలు. ఆయన ఆడలేదు.

"రావచ్చు, రాకపోవచ్చు. నా చదువంతా గా ముచ్చట మీదనే, ఇంక పూర్తిగ తెల్వది. కాపలాకు మందులున్నయి. ఉంచుకుంటె మాత్రం వాడు నిన్ను మిగల్చడు. దవాఖానకు నేను తోడొస్త."

సైదమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. "తెల్వదని చెప్పినోనివి నువ్వొక్కనివే సారూ. పోదాం పా" అని లేచింది.

ఆపరేషన్ అయింది. ఆ తరువాత ఆమె ఏ పరీక్షకు వెళ్లినా సారు వెంట ఉండవలసిందే. అందుకోసం విదేశీ సదస్సు ఒకటి మానుకున్నారు కూడా. మేము నొచ్చుకుంటే నవ్వేసి ఊరుకున్నారు.

నిన్న అంత్యక్రియలకు సైదమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరకు నా చెయ్యి పట్టుకుంది. "వచ్చే నెల పరీక్షున్నది బిడ్డా. డాక్టర్లు చెప్పినంక, అసలు సంగతేందో సారు చెప్తుండె. నువ్వొస్తవా?"

వస్తానన్నాను. ఆ మహనీయునికి నేను అర్పించగల నివాళి అదొక్కటే. ఆయన ప్రయోగశాలను నడిపేవారు దొరుకుతారు. ఆమె కళ్లలోకి చూసి తెలియనిది తెలియదని చెప్పి, అయినా ధైర్యమివ్వగల మనిషిని మాత్రం వచ్చే నెలలోగా నాలో ఎక్కడని వెతకను?