గ్రీజుతో అంటించిన బోల్టు తల

విరిగిన బోల్టు ఎక్కడున్నా కబురు ఆయనకే వెళ్లేది. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ మొండేల మేస్త్రీ. తల తెగి ఇనుములో ఇరుక్కుపోయిన బోల్టు మొండేన్ని, చుట్టూ ఉన్న మరలకు గీత పడకుండా బయటికి తియ్యడం ఆయన విద్య. చదివింది ఐదో తరగతి. అయితేనేం, పెద్ద చదువులవాళ్లు చేతులెత్తేసిన నూనె మిల్లు ఇంజనులోంచి ఒక్క పూటలో మూడు మొండేలు తీశాడు. నీళ్లలో మునిగి తేలిన పడవ మోటారుకి పదకొండు తీశాడు. తీసిన ప్రతిదాన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచాడు. మొత్తం నాలుగు వందల పదహారు. ఎవరైనా వచ్చి కూర్చుంటే చాలు, డబ్బా గలగలలాడించి ఏది ఏ యంత్రందో చెప్పేవాడు. వినేవాడికి ఆవలింతలు వచ్చేవి గానీ చెప్పేవాడికి అలుపొచ్చేది కాదు.

"బోల్టు నా చేతిలో విరగదు. విరిగాక నా చేతికొస్తుంది," అనేవాడు.

అలాంటి చేతిలో ఒకటి విరిగింది.

ఆయన తమ్ముడు రోడ్డు రోలరు నడిపేవాడు. ఆ రోలరు తమ్ముడికంటే వయసులో పెద్దది. సీటు పక్కన ఇనప పెట్టెలో బ్యాటరీ, దాని మీద అడ్డంగా పట్టీ, పట్టీకి అటొక బోల్టు, ఇటొక బోల్టు. ఒక గురువారం సాయంత్రం మేస్త్రీ పట్టీ బిగిస్తూ, ఇక చాలని చెయ్యి చెబుతున్నా వినకుండా పానాకి ఇంకో పావు చుట్టు ఇచ్చాడు. తల తెగి అరచేతిలోకొచ్చింది. నాలుగడుగుల దూరంలో నలుగురు కూలీలు నిలబడి ఉన్నారు. వాళ్లు చూస్తే ఊరంతా చెప్పుకుని నవ్వుతారు. తల కింద గ్రీజు ముద్ద పెట్టి ఉన్నచోటే అంటించేశాడు. ఆదివారం ఎవరూ లేనప్పుడొచ్చి మొండెం తీసేద్దాం, మధ్యలో రెండు రోజులే కదా అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం రోలరు గుంటలో దిగి లేచింది. బ్యాటరీ ఒరిగి, దాని టెర్మినల్ పెట్టె మూతకి తగిలింది. చిటపటమంటోందేమిటా అని తమ్ముడు వంగి మూత ఎత్తాడు. బ్యాటరీ అతని మొహం మీదే పేలింది. యాసిడ్ రెండు కళ్లలోనూ పడి చూపు పోయింది.

డ్రైవరు బోల్టు బిగించుకోలేదు, నిర్లక్ష్యం అని కంపెనీవాళ్లు కాగితం రాసి పనిలోంచి పేరు కొట్టేశారు. తమ్ముడూ అదే నమ్మాడు. "పొద్దున చూశానన్నయ్యా, తల కనపడింది. చేత్తో తిప్పి చూడలేదు. అదే నేను చేసిన పాపం," అనేవాడు. ఆ మాట విన్న మర్నాడే మేస్త్రీ నిజం చెప్పేద్దామని వాళ్లింటికి వెళ్లేవాడు, ఎలా ఉన్నావురా అని అడిగి తిరిగొచ్చేవాడు. అలా ఏడు నెలలు.

రోలరుని మళ్లీ నడపాలనుకున్నారు. కొత్త బోల్టు దూరడంలేదు, లోపల మొండెం ఉంది రమ్మని కబురొచ్చింది. "నేనూ వస్తాను. దాని చప్పుడు విని చాన్నాళ్లయింది," అని తమ్ముడు అన్న చెయ్యి పట్టుకుని కంపెనీ షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

మేస్త్రీ పనిముట్లు పరుచుకుంటుంటే కొత్త డ్రైవరు పెట్టె శుభ్రం చేస్తున్నాడు.

"ఇదిగో తల. మూలన మట్టిలో కూరుకుపోయింది," అని తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

తమ్ముడు దాన్ని వేళ్ల మధ్య తిప్పాడు. చూపుడువేలు ఒకచోట ఆగింది.

"అన్నయ్యా, తెగినచోట గ్రీజేంటి?"



"గుంటలో పడ్డ దెబ్బకి తెగుంటుంది లెండి. పెట్టె నిండా జిడ్డే కదా," అన్నాడు డ్రైవరు.

ఊ అంటే సరిపోయేది. తమ్ముడి తప్పూ పోయేది, తన పేరూ నిలిచేది. మేస్త్రీ పానా కింద పెట్టాడు.

"నేనే పెట్టాన్రా. గురువారం నా చేతిలోనే తెగింది. నలుగురూ చూస్తారని సిగ్గేసి అంటించాను."

"నలుగురా?"

"నలుగురే."

తమ్ముడు ఆ తలని మళ్లీ తడిమాడు. "ఒక్కసారి తిప్పి చూస్తే నీ సొమ్మేం పోయేదని మీ మరదలు రోజూ అంటోంది. నిజమేనని నేనూ తలూపుతున్నాను." తలని స్టూలు పక్కన పెట్టి అన్నాడు, "పని కానియ్యి. మధ్యలో వదలకు. రేపు ఇంకొకడు ఎక్కుతాడు దీన్ని."

మేస్త్రీ మొండెం నడిమధ్య పంచ్‌తో గుంట కొట్టి, సన్న బెజ్జం వేసి, విప్పేవైపు తిప్పితే కొరికి పట్టుకునే ఎడమ మర ఉన్న ఉక్కు పుల్ల దిగగొట్టాడు. చుట్టూ వేడిచేసి, మర సందుల్లోకి జారేలా మైనం కరిగించాడు. వెంట్రుకవాసి అటూ, వెంట్రుకవాసి ఇటూ తిప్పితే మొండెం కదిలింది. మరలకు గీత పడలేదు. అడుగున రబ్బరు పరిచి కొత్త బ్యాటరీ దింపి, పట్టీకి రెండు కొత్త బోల్టులు వేశాడు. చాలని చెయ్యి చెప్పినచోట ఆగాడు. టెర్మినళ్లకి రబ్బరు టోపీలు తొడిగి, తమ్ముడి చేతిని తీసుకెళ్లి బ్యాటరీ మీద పెట్టాడు. తమ్ముడు బలంకొద్దీ ఊపాడు. కదల్లేదు.

"ఎన్నోది మేస్త్రీ ఇది?" అని అలవాటుగా అడిగాడు డ్రైవరు.

మేస్త్రీ మొండేన్ని తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్లాడు. గుమాస్తా బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు రాయించి, కింద సంతకం చేశాడు. తమ్ముడి పేరు మళ్లీ ఎక్కిస్తారా అని అడిగాడు. చూపులేనివాణ్ణి ఎక్కడ ఎక్కించమంటావు, అన్నాడు గుమాస్తా.

తిరిగి వెళ్లేటప్పుడు తమ్ముడు అన్న చెయ్యి పట్టుకోలేదు. గోడ తడుముకుంటూ నడిచాడు. మేస్త్రీ వెనకాల నడిచాడు.

ఇంటి గుమ్మంలో, భార్య అలికిడి విని అన్నని ఆపి, "ఆ మాట దీనికీ చెప్పు," అన్నాడు తమ్ముడు.

చెప్పాడు. మరదలు చేతిలో చేట అలాగే ఉండిపోయింది. మొగుడి వైపు చూసింది, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఎప్పుడూ గుమ్మంలోనే "కూర్చోండి బావగారూ" అనే మనిషి, ఆ రోజు ఆ మాట అనలేదు.