చూపు పోయిన మేస్త్రి జీతం

మొన్న ఆడిటరు గారి ఆఫీసు నుంచి ఇప్పుడు కంపెనీ చూసుకుంటున్న మా అబ్బాయికి ఫోను వచ్చింది. పనివాళ్ల మందులకు బిల్లులు లేకపోతే కంపెనీ ఖర్చు కింద చూపలేమని వాళ్లు చెబుతుంటే, పక్కనే కూర్చున్న నాకూ వినబడింది. ఇలాంటి మాట నేను చిలకలపూడికి కోడలిగా వచ్చిన కొత్తలోనే విన్నాను.

అప్పట్లో మా మావగారిది రోల్డుగోల్డు గొలుసులు చేసే చిన్న కంపెనీ, వాటాదారులంతా ఇంట్లోవాళ్లే. బీకాం చదివానని లెక్కలు నాకప్పగించారు. ముప్పై ఏళ్లు మంట ముందు కూర్చుని గొలుసులకు అతుకులు వేసీ వేసీ చూపు పోగొట్టుకున్న మా పెద్ద మేస్త్రి ఇంటిపట్టున ఉంటే, మావగారు నెలనెలా ఆయన జీతం పంపించేవారు. పన్ను తగ్గుతుంది కదా అని, ఎవరినీ అడక్కుండా, నేను దాన్ని మిగతావాళ్ల కూలితో కలిపి రాసేశాను.

బందరు ఆఫీసులో పన్నుల అధికారి ఆ పేరు మీద వేలు పెట్టి, ఈయన ఏం పని చేస్తారని అడిగారు. నేను పక్కనున్న మావగారి వైపు చూశాను.

"ఏమీ చెయ్యట్లేదండి. కళ్లు పోయినయ్యి. మా పనిలోనే పోయినయ్యి," అన్నారు మావగారు.

"మీ మంచితనాన్ని కాదనను గానీ, అది వ్యాపారం ఖర్చు అవదండీ," అని అధికారి ఆ మొత్తం కొట్టేశారు. పన్నూ జరిమానా మా నెత్తిన పడ్డాయి. అలా రాసింది నేనే.

ఈ సంగతి ఎవరు చెప్పారో, మర్నాడు మేస్త్రిగారు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, ఇక డబ్బు పంపొద్దన్నారు. మావగారు ఒప్పుకోలేదు. మేస్త్రిగారూ తగ్గలేదు.

"ఊరికే అయితే వద్దండి. ఏదైనా పనివ్వండి," అంటూ బల్ల మీది గొలుసు తడిమి తీసుకుని, వేళ్ల మధ్య మెల్లగా జారనిచ్చి, ఒకచోట ఆగారు. "ఇక్కడ అతుకు గరుగ్గా ఉందండి."

కళ్లున్న మేమెవ్వరం కనిపెట్టలేదది.

ఆ రోజు నుంచి బంగారు పూతకు వెళ్లే ప్రతి గొలుసూ ఆయన చేతిలోంచే వెళ్లింది. షాపులవాళ్లు తిప్పిపంపే సరుకు బాగా తగ్గిపోయింది. మరుసటి ఏడు అదే అధికారి అదే ప్రశ్న అడిగితే, ప్రతి గొలుసు అతుకులూ తడిమి చూసేది ఆయనేనని ఈసారి నేనే జవాబు చెప్పాను. అధికారి పేజీ తిప్పారు.

మావగారూ మేస్త్రిగారూ పోయి చాలా కాలమైంది. గొలుసులిప్పుడు మిషన్ల మీద తయారై సంచుల్లో వస్తున్నాయి, మేం పూత వేసి అమ్ముకుంటున్నాం. పనివాళ్లు ఏటా మారిపోతారు. ఒకరి పనితనం ఏమిటో తెలిసేలోపే ఇంకొకరు వస్తారు. ఉండమని అడిగే ఓపిక మా అబ్బాయికి లేదు, అడగమని చెప్పే ఓపిక నాకూ లేదు.