మూడుసార్లు వచ్చిన వామనుడు

ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. దయ్యాలు, బాణామతి, జాతకాలు, వీటిలో దేన్నీ ఏ రోజూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికైనా దిష్టి తగిలిందంటే ముఖం మీదే నవ్వేవాణ్ణి. ఆ నవ్వు వల్ల నాకు ఊళ్ళో స్నేహితులు కూడా తక్కువే. ఇది చదివి మీరు నమ్మాలని నేను అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను జమ్మలమడుగు హైస్కూల్లో లెక్కల అయ్యవారిని. పెళ్ళై మూడేళ్ళు. నా భార్య సరోజది పులివెందుల.

వేసవిలో ఒక మధ్యాహ్నం వసారాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. సరోజ పక్కింటివాళ్ళతో కలిసి పెన్నలో చెలమ నీళ్ళకు పోయింది. ఆ సమయంలో మా మామగారు వచ్చారు. పొట్టి మనిషి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నెయ్యి చెంబు.

"రా మామా, కూర్చో" అన్నాను, తల ఎత్తకుండానే. అప్పుడు నా చేతిలో ఒక మహానుభావుడి జామెట్రీ పేపరు ఉంది. త్రిభుజానికి నాలుగు భుజాలు గీసి, నాలుగింటికీ పేర్లు పెట్టాడు. వాడికి సున్నా వేయాలా, ధైర్యానికి ఒక మార్కు వేయాలా అని తన్నుకులాడుతున్నాను. తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీ. గడప పక్కన నెయ్యి చెంబు మాత్రం ఉంది. కాళ్ళకు నీళ్ళు ఇవ్వలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

సరోజ బిందె దించుతూ చెంబు చూసింది.

"మా నాయన వచ్చినాడా?"

"వచ్చినాడు, పోయినాడు" అన్నాను. ప్రశ్నకు తగిన జవాబే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే పొయ్యికి చెప్పేది. "అన్నం వడ్డించినా, చల్లారిపోతాంది" అని పొయ్యి వైపు తిరిగి అనేది. నేను వచ్చి తినేవాణ్ణి. నాలుగో రోజు బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది.

నేను నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కో దాంట్లో నా వాదనలకు వరుసగా అంకెలు వేశాను. మూడో ఉత్తరం చివర 'కనుక నా తప్పు లేదని రుజువైనది' అని రాసి కింద గీత కూడా గీశాను. దేనికీ జవాబు లేదు. జూన్‌లో బడి తెరిచాక మా బావమరిది దగ్గర్నుంచి కార్డు వచ్చింది. వచ్చే వారం అక్క పెట్టె తీసుకుపోవడానికి వస్తాడట. అంతే. అప్పుడు నాకు భయం పట్టుకుంది. పెట్టె పోతే మనిషి రాదని నాకూ తెలుసు. మరునాడే బస్సెక్కి ప్రొద్దుటూరుకు, మా మేనత్త దగ్గరికి పరిగెత్తాను.

మా అత్త సాలెవాళ్ళ వీధి పక్కన ఒంటరిగా ఉండేది. ఆమె దగ్గర పాతకాలపు గంజీఫా ముక్కలు ఉండేవి. పేక ముక్కలే గానీ గుండ్రంగా, లక్క పూతతో, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా ఉంటాయి. వాటి మీద దశావతారాల బొమ్మలు. అవతారానికి పన్నెండు చొప్పున మొత్తం నూట ఇరవై. పన్నెండింట్లో దేవుడి రూపం ఒక్కదాని మీదే, మిగతావాటి మీద ఆయన గుర్తుల బొమ్మలు. ఆ వీధిలో అత్తాకోడళ్ళు కొట్టుకున్నా, అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా వాళ్ళను తెచ్చి ఈ ముక్కలు తీయడానికి ఆమె ముందు కూర్చోబెట్టేవాళ్ళు.

అది జోస్యం కాదు. "రేపేం జరుగుతాదో ముక్కకేం తెలుస్తాది? అది అట్టముక్క" అనేది. ఆమె నియమం ఒక్కటే. ముక్క తీసినవాడు దాన్ని చూస్తూ ఎదుటి మనిషి మనసులో ఏముందో చెప్పాలి. తన గోడు చెప్పకూడదు. ఎదుటి మనిషి ఔననాలి, లేదా కాదనాలి. కాదంటే మళ్ళీ తీయాలి.

ఇదంతా అవివేకం అన్నాను. "అయితే పెట్టె నువ్వే మోసి బస్సులో ఎయ్యి పో" అంది. ఒప్పుకున్నాను.

తనకు చూపు ఆనడం లేదని, ఒకసారి వచ్చి పొమ్మని ఆమె సరోజకు ఉత్తరం రాయించింది. అది అబద్ధమేమీ కాదు, నిజంగానే కళ్ళకు పొర వచ్చింది. మూడో రోజు పదకొండు గంటల బస్సుకు సరోజ వచ్చింది. నన్ను చూసి గోడకు చెప్పింది: "ఈయన కూడా ఉండాడని నాకెవరూ చెప్పలేదు."

భోజనాలయ్యాక చాప మీద గుడ్డ పరిచాం. ముక్కలు బోర్లించి నేనే కలిపాను. అత్త వాటిని తాకలేదు, ఇది ముఖ్యం. అంత దూరంలో గోడకు ఆనుకుని కూర్చుంది.

ఒక ముక్క తీశాను. వామనుడు. ఎర్రటి రంగు మీద పొట్టి బ్రహ్మచారి, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో కమండలం.

"ఏం ముక్క?" అంది అత్త.

"వామనుడు. నేను పొట్టివాణ్ణని ఈమెకు చిన్నచూపు" అన్నాను. నిజానికి నేను ఆమె కంటే అంగుళం తక్కువ.

"కాదు" అంది సరోజ. నాతో కాదు, అత్తతో.

"ఎదుటి మనిషి మనసులో ఏముందో చెప్పమంటే నీ కొలతలు చెప్తాండావు. మల్లా తియ్యి" అంది అత్త.

మళ్ళీ కలిపాను. ఈసారి వేరే మూల నుంచి తీశాను. మళ్ళీ వామనుడే. ఆ గొడుగు చూడగానే మామగారు గుర్తొచ్చారు. నాకు సిగ్గేసింది.

"వాళ్ళ నాయనకు నేను మర్యాద చేయలేదని ఈమెకు కోపం. కాళ్ళకు నీళ్ళు కూడా ఇయ్యలేదు" అన్నాను. ఇంతటితో అయిపోయిందని అనుకున్నాను కూడా.

"కాదు" అంది సరోజ. కొంగు సర్దుకుంది.

మూడోసారి ఆమెనే కలపమన్నాను. నేను కళ్ళు మూసుకుని తీశాను. తెరిస్తే అదే ముక్క. వరుసగా మూడుసార్లు ఒకే ముక్క రావడమంటే పద్నాలుగు వేల నాలుగు వందల్లో ఒక్కసారి. ఆ లెక్క పైకి కూడా చెప్పాను. "లెక్క నీ బడిలో చెప్పుకో" అని అత్త కసిరింది.

బొమ్మలో ఇంకేముందో తోచలేదు. ఇక తల ఎత్తి సరోజను చూశాను. ఆమె ఆ వామనుడి వైపు చూస్తోంది. ఎవరో చాలా దూరం నుంచి వచ్చినట్టు చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు ఆయన్ను చూడలేకపోతివి. ఏటి దాకానే పోయింటివి. నేను ఒక్క కేక ఏసింటే వచ్చి చూసుకునేదానివి" అన్నాను.

ఆమె తల ఊపింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఎండలో అంత దూరం వచ్చినాడు, నా మొగం చూసి పోదామని. వచ్చినాడు పోయినాడు అంటిరి మీరు" అంది. రెండు నెలల తర్వాత నాతో నేరుగా అన్న మొదటి మాట అది. నాకూ ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

కాసేపటికి ముక్కలు మూట కడదామని నేను లెక్కపెడుతున్నాను. అప్పుడు అత్త మెల్లగా అంది: "ఒరేయ్, వామనుడి ముక్క చేతిలో పెట్టు, తడిమి చూస్తా. అది ఈ మూటలో లేదు."

అది ఎప్పుడో పోయిందట. అత్త భర్త, అంటే మా మామ, ఒకసారి ఆటలో ఓడి, కోపంతో దాన్ని బావిలోకి విసిరేశాడట. దాని బదులు శుభలేఖ అట్టను గుండ్రంగా కత్తిరించి, పసుపు పూసి పెట్టుకుంది.

"మరి ముందే చెప్పొచ్చు గదా!" అన్నాను.

"నువ్వు వామనుడు అనంగానే నా గుండె జల్లుమనింది. ఆ మాట చెప్తే నువ్వు ఆట నిలిపి ముక్కలు లెక్క పెట్టుకుంటా కూర్చుంటావు. నీ సంగతి నాకు తెల్దా?"

ముక్కలన్నీ పరిచాను. బొమ్మలున్నవి నూట పంతొమ్మిది. పసుపు పూసిన బొమ్మలేని అట్ట ఒకటి. చాప దులిపాను, జేబులు తిరగేశాను, సరోజ సంచీ కూడా చూశాను. అట్ట మందం వల్ల అదే మూడుసార్లు చేతికి తగిలిందని ఒప్పుకుంటాను. మరి బొమ్మ? గొడుగు, కమండలం, ఎర్రరంగు, ఇద్దరం చూశాం. మా అత్త పోయాక ఆ ఇల్లు ఖాళీ చేసింది నేనే. అప్పుడూ దొరకలేదు.

మరునాడు ఇద్దరం పులివెందులకు పోయాం. నేనే చెంబుతో కాళ్ళకు నీళ్ళిస్తే మామగారు కంగారుపడిపోయారు. ఆ రోజు కోపంతో లేచిపోయారా అని అడిగాను. "కోపమేందప్పా? ఆ బస్సు తప్పితే మల్లా తెల్లారే గదా ఉండేది. నువ్వు శానా పనిలో ఉంటివి, పలకరించి అడ్డం రావడమెందుకని లేసినా" అన్నారు. తర్వాత తండ్రీ కూతుళ్ళు అరుగు మీద కూర్చుని పొద్దుగూకే దాకా మాట్లాడుకున్నారు. ఆయన ఆ తర్వాత రెండేళ్ళే ఉన్నారు.

ఈ మధ్య కాఫీ తాగుతూ ఆ ముక్క సంగతి మళ్ళీ ఎత్తాను. సరోజ నవ్వలేదు.

"ఆ పొద్దు నేను అత్తను చూసేదానికి రాలేదు. ఇంగ జమ్మలమడుగుకు రానని ఆమెకు చెప్పి పోదామని వచ్చినా. రెండోసారి మీరు చెప్పినాక లేసేదానికి కొంగు కూడా సర్దుకున్నా" అంది.

ఇన్నేళ్ళలో ఆమె ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఆ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మూడోసారి అది రాకపోయి ఉంటే, ఈ ఇంట్లో ఈమె ఉండేది కాదు.